బొమ్మ అంతరిక్ష నౌక నిజంగా పనిచేస్తుందా? ఇంట్లోనే పరీక్ష పెట్టడం ఎలా

మొన్న జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో మా మేనల్లుడికి ఒక అంతరిక్ష నౌక కొనిపెట్టాను. నీలం రంగు ప్లాస్టిక్కు, రెండు రెక్కలు, వెనకాల మూడు ఇంజన్లు, ముందు గాజుబుడ్డి లాంటి పెద్ద కిటికీ, కింద చక్రాలు. నేల మీద వెనక్కి లాగి వదిలితే సోఫా కిందికి దూరిపోతుంది. ఇంటికి రాగానే వాడు అడిగాడు: "మామా, ఇది నిజంగా చంద్రుడి మీదికి పోతుందా?"

పోదురా అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. ఎందుకు పోదో చెప్పబోతే మాత్రం నాకే తడబాటు వచ్చింది. చివరికి ఇద్దరం మూడు సాయంత్రాలు కూర్చుని దాన్ని పీకి పాకం పెట్టాం. మీ ఇంట్లోనూ అలాంటి బొమ్మ ఉంటే ఈ వరసలో పరీక్ష పెట్టండి. కావాల్సినవి: స్కేలు, జామెట్రీ బాక్సులోని కోణమానిని, లెక్కల గళ్ల నోటుబుక్కు, కాస్త దారం, పెన్సిలు, క్యారంబోర్డు, దాని పౌడరు. చిన్న స్క్రూడ్రైవర్ కూడా ఉంటే మంచిది.

1. ముందు అది ఎక్కడికి పోవాలో తేల్చండి

ఈ ప్రశ్నకి జవాబు లేకుండా ఏ డిజైన్‌నీ తప్పు పట్టకూడదు. భూమి మీంచి లేచేదా? అంతరిక్షంలోనే తిరిగేదా? చంద్రుడి మీద దిగేదా? తిరిగి భూమికి రావాలా? పిల్లల్నే చెప్పమనండి. చెప్పింది నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి, మధ్యలో మాట మార్చకుండా ఉంటారు. మావాడు "చంద్రుడి మీద దిగి, మళ్లీ మనింటికి రావాలి" అన్నాడు. ఇది చాలా పెద్ద కోరిక అని వాడికి అప్పటికి తెలీదు.

బొమ్మలు చూసి పెద్దవాళ్లు మొదట నవ్వేది రెక్కల్నే. "అంతరిక్షంలో గాలే ఉండదు, రెక్కలెందుకు?" అంటారు. మాట నిజమే కానీ తొందరపాటు. అమెరికా స్పేస్ షటిల్‌కి రెక్కలుండేవి. కక్ష్యలో తిరిగినన్ని రోజులూ అవి దండగ బరువే. చివరి గంటలో, గాలిలోకి దిగి ఇంజన్ లేకుండా జారుతూ రన్‌వే మీద వాలడానికి అవే దిక్కు. అదే చంద్రుడి మీద మనుషుల్ని దింపిన అపోలో వాళ్ల నౌక, చంద్ర మాడ్యూల్‌ని చూడండి. సాలీడుకి బంగారు కాగితం చుట్టినట్టు ఉంటుంది. దాని జన్మంతా గాలి లేని చోటే కాబట్టి నున్నటి ముక్కు, రెక్కలు ఏవీ అక్కర్లేకపోయాయి.

కాబట్టి రెక్కలు, చక్రాలు రెండూ ఉంటే ఆ బొమ్మ భూమి మీద రన్‌వేకి తిరిగొచ్చే రకం. అందాకా ఒప్పుకోవచ్చు. చంద్రుడి మీద మాత్రం గాలీ లేదు, రన్‌వే కూడా లేదు. ఇక్కడ ముక్కలు కలిపి కట్టే బొమ్మలు చేసే లెగో వాళ్ల పాత గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ గుర్తొస్తుంది. 1970ల చివర్లో వచ్చిన ఆ సెట్టులో నీలం, బూడిద రంగుల నౌక, పసుపు రంగు అద్దం, వెనక అరలో ఒక బుల్లి రోవర్, వీటితో పాటు గుంటలు పడ్డ చంద్రుడి నేల లాంటి పలక కూడా ఇచ్చారు. అంటే దిగేది అలాంటి నేల మీదే. మరి రెక్కలెందుకు? ఇంజన్లన్నీ వెనక్కి చూస్తుంటే కిందికి దిగేటప్పుడు దాన్ని ఆపేదెవరు? అయినా దాని మీద మోజు తగ్గలేదు. 2022లో 1,254 ముక్కలతో పెద్దది చేసి మళ్లీ అమ్మారు. నాకూ అది ఇష్టమే. ఇష్టం వేరు, పరీక్ష వేరు.

2. మనిషి బొమ్మతో కొలత తీయండి

నౌకతో వచ్చిన మనిషి బొమ్మని నిలబెట్టి ఎత్తు కొలవండి. మాది 4 సెంటీమీటర్లు. మనిషి ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లనుకుంటే బొమ్మలో ఒక సెంటీమీటరు నిజంలో 42 సెంటీమీటర్లకు పైనే. మా నౌక పొడవు 28 సెంటీమీటర్లు, అంటే నిజంలో దాదాపు 12 మీటర్లు. ఆర్టీసీ బస్సంత. షటిల్ పొడవు 37 మీటర్లు. చంద్రయాన్-3లో దిగిన విక్రమ్ ల్యాండర్ ఒక్కో పక్క 2 మీటర్లే, పెద్ద డైనింగ్ టేబులంత. ఆ 42 అంకె దగ్గర పెట్టుకోండి, కిటికీల దగ్గర పనికొస్తుంది.

3. క్యారంబోర్డు పరీక్ష

అన్నిటికన్నా సరదా పరీక్ష ఇదే, అన్నిటికన్నా ముఖ్యమైందీ ఇదే. నేల మీద బండికి వంకర తోపు తగిలినా చక్రాలు దారిలో పెడతాయి. అంతరిక్షంలో పట్టుకునేదేమీ లేదు. ఇంజన్ తోసే గీత నౌక గరిమనాభి గుండా, అంటే బరువంతా ఒక్కచోట కూడినట్టుండే చుక్క గుండా, పోవాలి. లేకపోతే నౌక ముందుకి పోవడం మానేసి బొంగరంలా తిరుగుతుంది.

ముందు గరిమనాభి ఎక్కడుందో పట్టుకోవాలి. ముక్కుకి దారం కట్టి వేలాడదీయండి. దారం గీత కిందికి ఎలా పోతుందో చూసి, ఆ వరసలో బొమ్మ పక్క మీద పెన్సిల్‌తో సన్నగా గీత గీయండి. తర్వాత తోక పైభాగానికి కట్టి మళ్లీ వేలాడదీసి ఇంకో గీత. రెండూ కలిసే చోటే గరిమనాభి. అక్కడ చుక్క పెట్టండి. మా బొమ్మలో లాగి వదిలే మోటారు కడుపులో ఉంది కాబట్టి చుక్క చాలా కిందికి వచ్చింది.

ఇప్పుడు క్యారంబోర్డు మీద పౌడరు బాగా చల్లండి. బొమ్మని చక్రాల మీద పెట్టొద్దు, చక్రాల దారినే పోతుంది, పరీక్ష పాడవుతుంది. పక్కకి పడుకోబెట్టండి. రెక్క అడ్డొస్తే మాలాగే రెక్కల స్క్రూలు విప్పండి, ఆ స్క్రూలు ఒక చిన్న డబ్బాలో వేయండి. పడుకోబెట్టిన బొమ్మని, ఒక ఇంజన్ మూతి దగ్గర పెన్సిలు వెనక కొసతో టక్కుమని ఒక్క దెబ్బ కొట్టండి. స్ట్రైకర్ కొట్టినట్టు కొట్టాలి, నెట్టకూడదు. తిన్నగా జారితే ఆ ఇంజన్ సరైన చోట ఉన్నట్టు. తిరుగుతూ పోతే లేనట్టు.

మా నౌకకి కింది రెండు ఇంజన్లు బాగానే తోశాయి. తోక మీద అందం కోసం పెట్టిన మూడోది మాత్రం పేచీ పెట్టింది. దాన్ని కొట్టినప్పుడల్లా ముక్కు కడుపు వైపు తిరిగిపోతోంది. అంటే నిజంగా ఆ ఇంజన్ వెలిగిస్తే నౌక పిల్లిమొగ్గలు వేస్తుందన్నమాట. మావాడు దీన్ని ఇరవైసార్లు కొట్టాడు. పౌడరు చొక్కా నిండా.

అలాగని వంకరగా ఉన్న ఇంజన్ చూడగానే తప్పు అనేయకండి. షటిల్ ఇంజన్లు నౌకతో పోలిస్తే కాస్త వాలుగా కనిపిస్తాయి. ఎందుకంటే పైకి లేచేటప్పుడు దాని పొట్టకి కొండంత ఇంధనం ట్యాంకు అంటుకుని ఉండేది. బరువంతా అటువైపే కాబట్టి తోపు గీత కూడా అటే పోవాలి. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ గరిమనాభి జరుగుతుంది, దాన్నిబట్టి ఇంజన్ మూతులూ తిరుగుతుండేవి. అంటే మీరు చూడాల్సింది ఇంజన్ తిన్నగా ఉందా లేదా అని కాదు, దాని గీత చుక్క మీదుగా పోతుందా అని.

ఇదే ఊపులో ఇంకొకటి చూడండి. నౌకని తిప్పడానికి చిన్న చిన్న ఇంజన్లు ఎక్కడైనా ఉన్నాయా? చంద్ర మాడ్యూల్‌కి నాలుగు మూలలా నాలుగేసి చొప్పున 16 ఉండేవి. అవి అంచుల్లో ఎందుకో తెలియాలంటే తలుపు తీసి చూపించండి: బందుల దగ్గర నెడితే ఎంత బలం కావాలి, గొళ్లెం దగ్గర నెడితే ఎంత చాలు. బొమ్మల్లో ఇవి దాదాపు ఉండవు. పడవ చుక్కానిలా తోక రెక్క ఒకటి పెట్టి ఊరుకుంటారు. గాలి లేని చోట ఆ రెక్క ఎటు తిప్పినా ఒకటే.

4. ట్యాంకు ఎక్కడుందో వెతకండి

నా లెక్కలో బొమ్మల అసలు గుట్టు రెక్కల్లో లేదు, ఇక్కడుంది. గళ్ల నోటుబుక్కు మీద బొమ్మని పక్కకి పడుకోబెట్టి చుట్టూ గీత గీయండి. లోపల మనుషులు కూర్చునే చోటు, సామాన్ల అర, ఇంజన్లు, అన్నీ గీసి వేరువేరు రంగులు వేయించండి. ఏ రంగూ పడని గళ్లే ఇంధనానికి మిగిలిన చోటు. మావాడు నాలుక బయటపెట్టి లెక్కేశాడు: మొత్తం 212 గళ్లు, మిగిలినవి 23.

ఇప్పుడు నిజమైన వాటితో పోల్చండి. చంద్ర మాడ్యూల్ బరువు సుమారు 15 టన్నులు. అందులో 10 టన్నులకు పైగా ఇంధనమే. అదీ చంద్రుడి చుట్టూ తిరుగుతున్న కక్ష్యలోంచి దిగి, మళ్లీ అదే కక్ష్యకి ఎక్కడానికి మాత్రమే. భూమి మీంచి కక్ష్యకి లేవాలంటే మొత్తం బరువులో పదింట తొమ్మిది వంతుల దాకా ఇంధనమే ఉంటుంది. చంద్రుడికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్టు సుమారు 2,900 టన్నులతో లేచింది. చివరికి సముద్రంలో పడింది 5 టన్నుల గూడు.

ఎందుకంత? పిల్లలకి ఇలా చెప్పండి. ఇక్కడి నుంచి తిరుపతికి నడిచిపోవాలి, దారిలో ఎక్కడా కొనడానికి లేదు, తినే బియ్యం తాగే నీళ్లు మొత్తం నెత్తిన మోయాలి. బరువు పెరిగితే ఆకలి పెరుగుతుంది, దానికి ఇంకొన్ని బియ్యం. రాకెట్టుకి ఇంకో కష్టం కూడా ఉంది. కారు పెట్రోలు మాత్రమే మోస్తుంది, మండడానికి కావాల్సిన ఆక్సిజన్ దారిలో గాలి నుంచి తీసుకుంటుంది. రాకెట్టు ఆక్సిజన్ కూడా ఇంటి నుంచే మోసుకుపోవాలి.

గళ్లు చోటుని కొలుస్తాయి, బరువుని కాదు. కేబిన్‌లో ఉండేది ఎక్కువగా గాలే కాబట్టి చోటు లెక్కలో కాస్త దయ చూపించండి. చంద్రుడి కక్ష్య నుంచి దిగి ఎక్కే నౌక అయితే, గళ్లలో సగం దాకా ఇంధనానికి దక్కితే నేను పాస్ వేస్తాను. అయితే హైడ్రోజన్ వాడతామంటే మాత్రం దయ పనికిరాదు. అది మరీ తేలిక, బరువుకి తగ్గ చోటు చాలదు. షటిల్ ఆరెంజ్ ట్యాంకులో ఎక్కువ భాగం హైడ్రోజనే పట్టింది. మా నౌకకి 212లో 23. ఫెయిల్. "అయితే వెనకాల ఒక ట్యాంకు తగిలిద్దాం" అన్నాడు మావాడు. ఆ మాట వాడి నోట రావడమే ఈ పరీక్షకి ఫలితం అనుకున్నాను. నిజమైన ఇంజనీర్లు చేసిందీ అదే: ట్యాంకులు తగిలించడం, ఖాళీ అయ్యాక వదిలేయడం.

5. కిటికీ, తలుపు

గాజుబుడ్డిని కొలవండి. మాది 5 సెంటీమీటర్లు పొడవు, 4 వెడల్పు. ఇందాకటి లెక్కన నిజంలో సుమారు 2.1 మీటర్లు, 1.7 మీటర్లు. మన చుట్టూ ఉన్న గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 10 టన్నుల బరువంత నొక్కుతుంది. లోపల ఇంట్లో ఉన్నట్టే గాలి నింపి బయట శూన్యం అయితే, ఆ కిటికీని బయటికి తోసే బలం 35 టన్నుల పైనే. బుడ్డి గుండ్రంగా ఉంది కాబట్టి ఆ ఆకారం మంచిదే, బలం చుట్టూ పంచుకుంటుంది. చదునుగా ఉన్న పెద్ద అద్దమైతే ఇంకా కష్టం. ఎలాగైనా ఆపేంత మందం గాజు పెడితే ఆ బరువు ఎవరు మోస్తారు?

చంద్ర మాడ్యూల్ మొదటి నమూనాల్లోనూ పెద్ద కిటికీలు, సీట్లు ఉన్నాయి. బరువు తగ్గించమంటే ఇంజనీర్లు సీట్లు పీకేశారు. వ్యోమగాములు నిలబడే దిగుతారన్నారు. నిలబడితే కళ్లు అద్దానికి దగ్గరగా వస్తాయి, కాబట్టి చిన్న ముక్కోణపు కిటికీ సరిపోయింది. తలుపు సందులోంచి వీధంతా చూసినట్టు! నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన ముచ్చట ఇది. ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఏడు అద్దాల గూడు ఒకటి ఉంది, చూడటానికి అచ్చం బొమ్మల్లోదే. కాకపోతే ప్రతి అద్దానికీ తలుపుంది, పని లేనప్పుడు మూసేస్తారు.

తలుపు సంగతి తొందరగా చూసేయొచ్చు. బయటి తలుపు తీస్తే లోపలి గాలంతా పోతుందా? మధ్యలో ఒక అర, అంటే ఎయిర్‌లాక్ ఉందా? లేకపోయినా పూర్తిగా తప్పు కాదు, అపోలోలో కేబిన్ గాలి మొత్తం వదిలేసే తలుపు తీసేవారు. కాకపోతే లోపలున్న అందరూ సూట్లు వేసుకోవాలి. 1965లో సోవియట్ వ్యోమగామి లియోనోవ్ మొట్టమొదటిసారి నౌక దాటి బయటికి అడుగుపెట్టినప్పుడు, ఆ నౌకకి గాలి ఊది ఉబ్బించే గొట్టం లాంటి ఎయిర్‌లాక్ తగిలించారు. బొమ్మకి మీరూ ఒక కాగితం కప్పు అంటించొచ్చు.

6. వేడి, కరెంటు

బొమ్మలు పూర్తిగా మర్చిపోయేది వేడిని. శూన్యంలో గాలి లేదు, ఫ్యాన్ పెట్టి చల్లార్చలేం. ఫ్లాస్కులో టీ ఎందుకు వేడిగా ఉంటుందో అందుకే నౌకలో వేడి బయటికి పోదు. దాన్ని వెలుగులాగే బయటికి వదిలే వెడల్పాటి పలకలు కావాలి. షటిల్‌కి అవి సామాన్ల అర తలుపుల లోపలి వైపు ఉండేవి, అందుకే కక్ష్యకి చేరగానే ఆ తలుపులు తెరిచేవాళ్లు. మీ బొమ్మ రెక్కల మీద తెల్ల కాగితం అంటించి "ఇవి రేడియేటర్లు" అనేయండి. పనికిరాని రెక్కకి అలా ఒక ఉద్యోగం దొరుకుతుంది.

సోలార్ పలకలుంటే అవి ఎటు చూస్తున్నాయో చూడండి. 2024 జనవరిలో జపాన్ వాళ్ల స్లిమ్ ల్యాండర్ చంద్రుడి మీద అనుకున్న చోటికి 55 మీటర్ల దూరంలో దిగింది, గురి అద్భుతం. కానీ చివరి క్షణాల్లో రెండు ఇంజన్లలో ఒకటి దెబ్బతిని, ముక్కు కిందికి పెట్టి పడింది. పలకలు పడమటి వైపు తిరిగిపోయాయి. సూర్యుడు అటు వచ్చేదాకా కరెంటు లేక పడుకుంది. ఆ తలకిందుల ఫొటో తీసింది ఎవరనుకున్నారు? బొమ్మల కంపెనీ టొమీ జపాన్ అంతరిక్ష సంస్థతో కలిసి తయారుచేసిన సోరా-క్యూ. 8 సెంటీమీటర్ల బంతి, బరువు పావుకిలో. కింద పడ్డాక రెండుగా విచ్చుకుని ఆ రెండు సగాల్నే చక్రాలుగా చేసుకుని నడిచింది. రూపం మార్చుకునే రోబో బొమ్మలు చేసిన చేయి అది. మా మేనల్లుడికి ఇది చెప్పగానే నుమాయిష్ నౌక మీద వాడి గౌరవం కాస్త తగ్గింది.

దూరం కూడా అడగండి. గురుగ్రహం దగ్గర ఎండ మన దగ్గరి ఎండలో 25వ వంతు. అక్కడికి పంపిన జూనో అనే నౌకకి అందుకే ఒక్కోటీ దాదాపు 9 మీటర్ల పొడవున్న మూడు పలకలు. చిన్న పలకతో శని దాకా పోతానంటే నమ్మొద్దు.

7. కాళ్లు

బొమ్మని ఒక అట్ట మీద పెట్టి, జారకుండా కింది అంచున పెన్సిలు అడ్డుపెట్టండి. అట్టని మెల్లగా లేపుతూ ఎన్ని డిగ్రీల దగ్గర పడిపోతుందో కోణమానినితో చూడండి. మా నీలం నౌక 40 దాటినా నిలబడింది. వాడి పాత ఎర్ర రాకెట్టు ఒకటుంది, మూడు తోకల మీద నిలబడేది. 14 డిగ్రీలకే బోర్లా పడింది.

ఈ వాలు లెక్క చంద్రుడి మీదా ఇంతే, ఆకర్షణ తక్కువైనంత మాత్రాన మారదు. మారేది పక్కకి జారుతూ దిగినప్పుడు. అక్కడ బొమ్మని కిందికి పట్టి ఉంచే బలం ఆరోవంతే కాబట్టి చిన్న పక్క ఊపుకే తిరగబడుతుంది. 2024లో ఒడిస్సియస్ అనే ల్యాండర్, సన్నగా పొడుగ్గా ఉండేది, పక్కకి ఒరిగింది. 2025 మార్చిలో పొట్టిగా వెడల్పుగా ఉన్న బ్లూ గోస్ట్ చక్కగా నిలబడింది. ఇందులో ఆకారం ఒక్కదాని తప్పే లేదు లెండి, కానీ ఆకారం సాయం మాత్రం చేస్తుంది.

మూడు కాళ్లయితే ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. ముక్కాలి పీట చూడండి. కానీ రెండు కాళ్ల మధ్య గీత నడిమధ్యకి దగ్గరగా ఉంటుంది, అటు తోస్తే తొందరగా పడుతుంది. నాలుగైతే ఆ గీత దూరం. చంద్ర మాడ్యూల్‌కీ విక్రమ్‌కీ నాలుగే. చంద్రయాన్-2 తర్వాత మనవాళ్లు విక్రమ్ కాళ్లని గట్టిచేశారు, సెకనుకి 3 మీటర్ల వేగంతో నేల తాకినా తట్టుకునేలా. మధ్యలో ఉన్న అయిదో ఇంజన్ తీసేసి నాలుగే ఉంచారు, సోలార్ పలకలు పెద్దవి చేశారు, ఇంధనం ఎక్కువ నింపారు. శ్రీహరికోటలో లేచి 2023 ఆగస్టు 23న దిగింది. మీరు ఇప్పుడు బొమ్మకి పెడుతున్న పరీక్షలకీ ఆ మార్పులకీ పెద్ద తేడా లేదని పిల్లలకి చూపించండి.

8. ఇప్పుడు మార్చండి

మేం చేసినవి: తోక మీది ఇంజన్ పీకేశాం. చక్రాలు విప్పి నాలుగు చీపురుపుల్లల కాళ్లు, వాటికి చొక్కా గుండీల పాదాలు పెట్టాం. పాదాలు వెడల్పుగా లేకపోతే పుల్ల పరుపులో దిగిపోయినట్టు మెత్తటి మట్టిలో దిగిపోతుంది. వెనకాల అర లీటరు నీళ్ల సీసా ట్యాంకు, రబ్బరుబ్యాండుతో కట్టాం, తర్వాత వదిలేయడానికి. కడుపు కింద ఒక పెన్ను మూత, అది దిగే ఇంజన్. సీసా తగిలించాక మళ్లీ దారంతో చుక్క వెతికితే రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిగింది, పెన్ను మూత కూడా జరపాల్సి వచ్చింది. ఏ ముక్క మార్చినా మూడో మెట్టు మళ్లీ చేయాల్సిందే, బద్ధకించకండి.

ఒక్క జాగ్రత్త. విప్పిన చక్రాలు, స్క్రూలు, మోటారు పారేయకండి. మూడో రోజు సాయంత్రం మా నౌక అన్ని పరీక్షల్లోనూ నెగ్గి డైనింగ్ టేబుల్ మీద దర్జాగా నిలబడింది. మర్నాడు పొద్దున్నే వాడు దాన్ని పట్టుకొచ్చి, "మామా, ఇది ఇప్పుడు సోఫా కిందికి పోవట్లేదు, చక్రాలు పెట్టు" అన్నాడు.